వి అంటే విభీషణుడా, విదురుడా, వికర్ణుడా?

మీ బాబు విభీషణుణ్ణీ విదురుణ్ణీ కలిపేస్తున్నాడని, ఒకే అక్షరంతో మొదలయ్యే పేర్లు పిల్లలకి ఎలా గుర్తుండేలా చెప్పాలని అడిగారు కదండీ. మా ఇంట్లోనూ ఇదే గొడవ.

మాది విజయవాడ, సత్యనారాయణపురం. పోయిన వేసవిలో మా అక్క కూతురు సెలవులకి వచ్చింది. రాత్రి కరెంటు పోతే డాబా మీద చాప వేసుకుని ఓ ఆట ఆడేవాళ్లం, ఒక అక్షరం అనుకోవడం, దానితో మొదలయ్యే పురాణం పేరు చెప్పినవాళ్లు ఒక చింతగింజ తీసుకోవడం. మొదటి రోజే తగాదా. 'జ' అనుకున్నాం, తను జటాయువు అంది, నేను జాంబవంతుడన్నాను. "అది జా పిన్నీ, గింజ ఇవ్వను" అని గుప్పిట మూసేసింది. నిజమే మరి! అప్పట్నుంచీ గుణింతంతో సహా కలవాలని రూలు.

'వి' వచ్చిన రోజు మీ బాబులాగే ముగ్గురినీ కలిపేసింది. నాకైతే విడివిడిగా నేర్పడం కంటే ఒకే చోట కూర్చోబెట్టడమే మంచిదనిపించింది. మూడు గింజలు వరసగా పెట్టి, వీళ్లు ముగ్గురూ సొంతవాళ్లు తప్పు చేస్తుంటే నోరు విప్పినవాళ్లే అని చెప్పాను. సీతమ్మని పంపించెయ్యమని అన్నకి చెప్పి, వినకపోతే రాముడి దగ్గరికి వెళ్లిపోయాడు విభీషణుడు. విదురుడు ధృతరాష్ట్రుడికి ఎంత చెప్పాలో అంతా చెప్పాడు, యుద్ధంలో మాత్రం ఏ వైపునా ఆయుధం పట్టలేదు. వికర్ణుడు కౌరవుల్లో ఒకడై ఉండి నిండు సభలో ద్రౌపది తరఫున మాట్లాడాడు, అయినా చివరికి అన్నల పక్షానే యుద్ధం చేసి భీముడి చేతిలో చనిపోయాడు. ఇది విని పిల్ల చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒక గింజ కొంచెం పక్కకి జరిపి, "పాపం, ఇతను ఎందుకు వెళ్లిపోలేదు పిన్నీ?" అంది. నా దగ్గర సరైన జవాబు లేదు, అన్నదమ్ములు కదమ్మా అన్నాను. ఆ తర్వాత ఆ ముగ్గురినీ ఎప్పుడూ కలపలేదు.

అర్జునుడికి విజయుడనే పేరు కూడా ఉందని, మన ఇంద్రకీలాద్రి మీదే తపస్సు చేసి కిరాతుడి వేషంలో వచ్చిన శివుడితో పోరాడి పాశుపతం సంపాదించాడని ఇక్కడ చెప్పుకుంటామని చెబితే, దానికీ ఓ గింజ అడిగింది. ఇచ్చాను.

మీరు 'కు'తో మొదలుపెట్టి చూడండి. కుబేరుడు, కుచేలుడు పక్కపక్కన పెడితే చాలు, పిల్లలే మాట్లాడతారు. కుంభకర్ణుడు ఆ కుబేరుడికి తమ్ముడే, ఇద్దరికీ తండ్రి విశ్రవసుడే అంటే అసలు నమ్మరు. పురాణాలే కానక్కర్లేదు, జానపద కథలూ కలపండి. 'బా' అంటే బాలనాగమ్మ, బాలవర్ధి, తల్లీ కొడుకులు. మాయల ఫకీరు ప్రాణం చిలకలో ఉందనే దగ్గర మాత్రం గొంతు తగ్గించి చెప్పండి, మా పిల్ల అక్కడ నా చెయ్యి గట్టిగా పట్టుకునేది.