ఉద్యోగం తీసేశారని ఇంటర్వ్యూలో ఎలా చెప్పాలంటే

చిన్నా,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. శుక్రవారం గచ్చిబౌలిలో ఇంటర్వ్యూ ఉందట కదా. "పాత కంపెనీ ఎందుకు వదిలేశావు" అంటే ఏం చెప్పాలో తెలియక అన్నం కూడా సరిగ్గా తినట్లేదన్నాడు. ఇరవై ఏళ్లకు పైగా హెచ్‌ఆర్‌లో ఉండి ఆ ప్రశ్న అడిగినవాణ్ని నేను. దానికి ఒకసారి జవాబు చెప్పుకోవాల్సి కూడా వచ్చింది. ఆ సంగతి నీకెప్పుడూ చెప్పలేదు.

2009లో నన్నూ తీసేశారు. నెల తిరక్కుండానే మాదాపూర్‌లో ఇంటర్వ్యూకి వెళ్లాను. ఆ ప్రశ్న రాగానే మా మేనేజరు చేసిందంతా ఏకరువు పెట్టాను. అన్నీ నిజాలే. నేనింకా చెబుతుండగానే ఎదురుగా ఉన్నాయన పెన్నుకి మూత పెట్టేశాడు. టక్కుమన్న ఆ చప్పుడు ఇంకా నా చెవుల్లో ఉంది. ఆయనకి మా మేనేజరు ఎవరో తెలియదు. తెలిసిందల్లా, రేపు తన గురించి కూడా నేను ఇలాగే ఇంకెవరికో చెబుతానని.

అందుకని నువ్వు అరనిమిషంలో చెప్పి ఆపెయ్. ఇలా చెప్పు: "టెస్టింగ్‌లో మూడేళ్లు బాగా చేశాను. డెవలప్‌మెంట్‌కి మారాక రెండు రిలీజులు నా వల్ల ఆలస్యమయ్యాయి. పని మెరుగుపరుచుకోమని గడువిచ్చి పిప్‌లో పెట్టారు, అరవై రోజుల్లో వాళ్లు అనుకున్నంత చేయలేకపోయాను, తీసేశారు. పని నాకు మించిపోతోందని ముందే లీడ్‌కి చెప్పాల్సింది. ఇప్పుడు రోజూ కోడ్ రాస్తున్నాను, చూపిస్తాను." అంతే. వాళ్లు ఏమీ అనకపోయినా నువ్వు మళ్లీ మొదలుపెట్టకు. ఆ రెండు మూడు క్షణాలు నోరు కట్టుకోలేకే చాలామంది పాడుచేసుకుంటారు. భయానికి "అంటే సార్, అసలు ఏం జరిగిందంటే..." అని మళ్లీ అందుకుంటారు, అప్పటిదాకా లేని అనుమానం అక్కడ పుడుతుంది. గ్లాసు ఎత్తి ఓ గుక్క నీళ్లు తాగు. తరవాతి ప్రశ్న వాళ్లే అడుగుతారు.

చూపించడానికి ఏదైనా ఉండాలి సుమా. ఈ నెలలో నువ్వు రాసిన ప్రోగ్రాం చిన్నదైనా సరే, లాప్‌టాప్‌లో తెరిచి పెట్టుకుని వెళ్లు.

కాగితాల సంగతి. నీ చేతికిచ్చింది పని నుంచి విడుదల చేశామనే రిలీవింగ్ లెటరా, తీసేశామనే టర్మినేషన్ లెటరా? అందులో ఏం రాశారో ఇవాళే చదువు. రెజ్యూమెలో చివరి తేదీని ఒక్క నెల కూడా సాగదీయకు. పీఎఫ్ సర్వీస్ హిస్టరీలో మానేసిన తేదీ ఉంటుంది, బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ వాళ్లు పాత హెచ్‌ఆర్‌ని కూడా అడుగుతారు. ఫారంలో "ఎప్పుడైనా తొలగించారా" అని ఉంటే అవునని రాయి. తీసేశారని తెలిసి కూడా నేను ఉద్యోగంలోకి తీసుకున్నవాళ్లున్నారు. దాచినట్టు తేలాక మాత్రం ఎవరి ఆఫరూ నిలబెట్టలేకపోయాను. నీ టెస్టింగ్ లీడ్‌కి ఫోన్ చేసి, రిఫరెన్సుగా పేరు ఇవ్వచ్చా అని అడుగు. ఆయనకి నీ మంచి రోజులు తెలుసు.

మీ అమ్మ పక్కింటివాళ్లకి "సెలవు మీద వచ్చాడు" అని చెబుతోందట. ఆమెని ఏమీ అనకు, కొడుకు మాట పడకూడదనే ఆరాటం అది. నువ్వు మాత్రం ఆ మాట చాటున దాక్కోకు నాన్నా. ఇంట్లో పైకి అనలేనిది ఇంటర్వ్యూలో గొంతు దాటి రాదు. ముందు తెలుగులో చెప్పి చూడు, "నన్ను తీసేశారు" అని. ఇంగ్లీషులో అయితే మర్యాద మాటల వెనక తప్పించుకోవచ్చు, తెలుగులో కుదరదు. మొదటిసారి గొంతు వణుకుతుంది, నాకూ వణికింది. పదోసారికి మామూలు మాటైపోతుంది.

బుధవారం రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చెయ్. పిన్నిని కూడా పక్కన కూర్చోబెట్టుకుంటాను. ప్రశ్న నేను అడుగుతాను, నువ్వు ఎంతసేపు మాట్లాడావో తను గడియారం చూసి చెబుతుంది.

మీ బాబాయి