ఊదారంగు డిస్క్ అంటే పైరసీయేనా? కాదండీ

"ఆన్‌లైన్‌లో కొన్న పాత సినిమా డీవీడీ అడుగున ఊదారంగు ఉంది, ప్లేయర్ తీసుకోవట్లేదు, పైరసీ కాపీ అంటగట్టారా?" అని అడిగారు కదా. రంగు చూసి కంగారు పడకండి. అమెరికాలో పెద్దగా అమ్ముడుపోని పాత సినిమాలను ఆర్డరు వచ్చాకే ఖాళీ డిస్క్ మీద బర్న్ చేసి (లేజర్‌తో రాసి) పంపే పద్ధతి ఉంది. వార్నర్ బ్రదర్స్ వాళ్ళ పాత సినిమాల విభాగం వార్నర్ ఆర్కైవ్ 2009లో ఇలాగే డీవీడీ-ఆర్‌లతో (బర్న్ చేసే డీవీడీలతో) మొదలైంది. ఆ ఊదారంగు, బర్న్ చేయడానికి డిస్క్‌లో వేసే డై (రంగు పదార్థం) వల్ల వచ్చింది. ఫ్యాక్టరీలో అచ్చొత్తిన డిస్క్ కంటే ఇది వెలుగును కాస్త తక్కువగా తిప్పికొడుతుంది. లెన్స్ నీరసించిన ప్లేయర్ గిర్రుమని తిరిగి తిరిగి చివరికి "నో డిస్క్" అంటుంది. మా పాతదీ అంతే చేసేది.

మెత్తటి పొడిగుడ్డతో మధ్య నుంచి అంచుకు తుడిచి (గుండ్రంగా తుడవకండి), వేరే ప్లేయర్‌లో వేసి చూడండి. అక్కడ ఆడితే తప్పు మీ ప్లేయర్‌దే. ఆడకపోతే తిప్పి పంపి ఇంకోటి అడగండి.

రెడ్‌బాక్స్ కియోస్క్ (అమెరికాలో డీవీడీలు అద్దెకిచ్చిన మిషన్) డిస్కులు బాగానే ఆడేవని మీరన్నారు. అవి అక్కడ బర్న్ చేసినవి కావు, అచ్చొత్తినవే. మిషన్ లోపలి నుంచి తీసి ఇచ్చేదంతే. కియోస్క్‌లోనే బర్న్ చేద్దామంటే, సినిమా డీవీడీలను కాపీ చేయకుండా వేసే సీఎస్ఎస్ లాక్ అడ్డు. 2007లో దానికి అనుమతి వచ్చినా, ప్రత్యేకమైన బ్లాంక్ డిస్కులు కావాల్సి వచ్చింది.