మన విమాన వాహక నౌక విక్రాంత్ 2013లోనే నీళ్ళలోకి దిగింది కదా, నేవీలో చేరడానికి 2022 దాకా ఎందుకు పట్టింది?

జలప్రవేశం అనగానే ఓడ పూర్తయిందనుకుంటాం. 2013 ఆగస్టులో దిగిన విక్రాంత్ స్లాబు పడిన ఇల్లు లాంటిది. కరెంటు, పైపులు, మిషన్లు చాలావరకు ఇంకా రావాలి.

నేను కొన్నేళ్ళు విక్రాంత్‌ను కట్టిన కొచ్చిన్ షిప్‌యార్డ్‌లో ఒక కాంట్రాక్టరు కింద కేబుల్ పని చేశాను. ఓడలో ఏది ఎక్కడుందో రాయను, రాయకూడదు కూడా. పని ఎలా సాగుతుందో చెబుతాను.

అసలు ఆలస్యం ఉక్కుతోనే మొదలైంది. రష్యా నుంచి రావాల్సిన ప్రత్యేకమైన ఉక్కు సమయానికి దొరకలేదు. అప్పుడు మన హైదరాబాద్‌లోని రక్షణ లోహ పరిశోధనశాల డీఎంఆర్‌ఎల్ వాళ్ళు డీఎంఆర్ 249 అనే రకాన్ని రూపొందిస్తే ప్రభుత్వ ఉక్కు కంపెనీ సెయిల్ తయారుచేసింది. మనవాళ్ళలోనే చాలామందికి ఈ సంగతి తెలీదు. 2009 ఫిబ్రవరిలో కీల్, అంటే ఓడ అడుగున వెన్నెముక లాంటి భాగం, వేశారు.

ఇక మా పని. 262 మీటర్ల ఓడ, 2,000 పైచిలుకు గదులు, 2,000 కిలోమీటర్లు దాటిన కేబుల్. లాగడానికి మనుషులుంటే చాలు, గోడ దాటించడమే తలనొప్పి. ఒక గదిలో నీళ్ళు నిండినా పక్క గదిలోకి చుక్క రాకూడదు. అందుకని గోడలో ఇనుప ఫ్రేమ్ పెట్టి, ఒక్కో కేబుల్‌నూ దాని సైజుకు సరిపోయే రబ్బరు దిమ్మెల మధ్య పేర్చి బిగిస్తారు. డ్రాయింగ్ మారి ఒక్క కేబుల్ అదనంగా వచ్చిందా, ఆ ఫ్రేమ్ విప్పి మళ్ళీ పేర్చాల్సిందే. ఆ రోజు మా సూపర్‌వైజర్ ముఖం చూడాలి! పక్క గదిలో వెల్డింగ్ జరుగుతుంటే ఇవతల ఒక మనిషి మంటలార్పే సిలిండర్ పట్టుకుని కాపలా ఉండాలి. అవతలి వేడికి ఇవతలి పెయింటు అంటుకుంటుంది. అంతసేపూ అక్కడ మా పని బంద్.

2021 ఆగస్టు 4న మొదటిసారి సముద్రంలోకి వెళ్ళింది. నాలుగు గ్యాస్ టర్బైన్లు, స్టీరింగ్, రాడార్లు అన్నీ విడతలవారీగా పరీక్షించాక 2022 సెప్టెంబర్ 2న నేవీలో చేరింది.

అప్పటికీ దాని మీద ఒక్క యుద్ధ విమానం కూడా దిగలేదు. డెక్ మీద అడ్డంగా కట్టిన తీగను కొక్కెంతో పట్టుకుని విమానం ఆగాలి కాబట్టి ఆ పరీక్షలు వేరే. నేవీ తేజస్, మిగ్-29కే 2023 ఫిబ్రవరిలో దిగాయి. మిగ్ రాత్రిపూట దిగింది ఆ ఏడాది మేలో.