ప్లాన్ గీసేశాక మమ్మల్ని అడిగారు!

ప్రశ్న: మా ఇళ్ళ మధ్య ఎప్పట్నించో ఖాళీగా పడున్న స్థలాన్ని పార్కు చేస్తామని మున్సిపాలిటీ వాళ్ళు మీటింగ్ పెట్టారండి. ప్లాన్ అప్పటికే రెడీ, గోడకి అంటించి అందరికీ ఓకేనా అన్నారు, వచ్చిన ఇరవైమందీ తలూపారు, అయిపోయింది. జనాన్ని కలుపుకోవడమంటే ఇదేనా? రేపు కమిటీ వేస్తే మెయింటెనెన్స్ అంతా మా నెత్తిన పడుతుందేమో అని ఇంకో భయం.
- ఒక పాఠకురాలు

జవాబు: కాదండీ, గీసేశాక అడగడమంటే సంతకాలు పెట్టించుకోవడమే. షెర్రీ ఆర్న్‌స్టీన్ అనే ఆవిడ 1969లో జనాన్ని కలుపుకోవడాన్ని 8 మెట్ల నిచ్చెనగా చెప్పారు, అడుగు మెట్ల మీద జనాన్ని కూర్చోబెట్టి తలూపించుకుంటారు, మధ్య మెట్ల మీద చెప్తారు, అడుగుతారు గానీ విన్నది చెయ్యాలన్న రూలేం ఉండదు, పై మెట్లకొస్తేనే నిర్ణయంలో వాటా దొరుకుతుంది. మీ ప్లాన్ ఇంకా కాగితం మీదే ఉంది కాబట్టి పని మొదలవ్వకముందే ఇంకో మీటింగ్ కావాలని రాతపూర్వకంగా ఇవ్వండి.

అయితే ఆ మీటింగ్‌కి కూడా ఎప్పుడూ వచ్చేవాళ్ళే వస్తారు, షిఫ్టుల్లో పనిచేసేవాళ్ళు రాలేరు, పిల్లల్నైతే అసలెవరూ పిలవరు. ఆస్ట్రియా రాజధాని వియన్నాలో 1990ల్లో ఒకటి గమనించారు, తొమ్మిది పదేళ్ళు దాటాక మగపిల్లలు పార్కుకి వస్తూనే ఉన్నారు, ఆడపిల్లలు మాత్రం బాగా తగ్గిపోతున్నారు. ఉన్న ఒక్క పెద్ద గ్రౌండూ జోరున్నవాళ్ళ చేతిలోకెళ్ళిపోతే మిగతావాళ్ళు అంచున నిలబడి నిలబడి ఇంటికెళ్ళిపోతారు మరి. 1999లో అక్కడ రెండు పార్కుల్లో దారులు పెంచి, పెద్ద గ్రౌండుని చిన్నచిన్న భాగాలు చేసి, వాలీబాల్, బ్యాడ్మింటన్‌కి చోటిచ్చారు, ఆడపిల్లలు మళ్ళీ రావడం మొదలుపెట్టారు. అందుకే రానివాళ్ళ దగ్గరికి మీరే వెళ్ళాలి.

వెళ్ళి "ఏం కావాలి" అని మాత్రం అడక్కండి, అందరూ ఉయ్యాలలు, వాకింగ్ ట్రాక్ అనేస్తారు. నిన్న సాయంత్రం మీ పాప ఎక్కడ ఆడింది, మీ నాన్నగారు బయట ఎంతసేపు కూర్చున్నారు, ఎందుకు లేచొచ్చేశారు అని అడగండి. బెంచీకి వీపు ఆనించుకునే చెక్క లేదు, ఎండ మొహాన కొడుతోంది, దగ్గర్లో బాత్రూం లేదు... అసలు ప్లాన్ ఇక్కడ దొరుకుతుంది. విలియం వైట్ అనే ఆయన 1970ల్లో న్యూయార్క్‌లో కెమెరాలు పెట్టి జనం ఎక్కడ కూర్చుంటారో ఏళ్ళ తరబడి చూశారు, కదిలే కుర్చీ ఇస్తే చాలామంది కూర్చునే ముందు దాన్ని కొంచెం జరుపుకుంటారట, జరిపినందువల్ల పెద్ద తేడా ఏం రాకపోయినా సరే! నాకు ఇది భలే నచ్చుతుంది, ఆ కాస్త జరుపుకోవడంతోనే ఆ చోటు వాళ్ళదైపోతుంది.

ఇక మెయింటెనెన్స్. లైట్లు, నీళ్ళ కనెక్షన్, బాత్రూం క్లీనింగ్, పెద్ద చెట్ల కొమ్మలు కొట్టడం, జీతమిచ్చే మనిషి, ఇవన్నీ మున్సిపాలిటీవేనని ఒప్పందంలో రాయించుకోండి, మొక్కలు నాటడం, పిల్లల ప్రోగ్రాములు, ఏది పాడైందో వెంటనే చెప్పడం మీవి. న్యూయార్క్ సెంట్రల్ పార్కుని 1980లో పెట్టిన ఒక సంస్థ విరాళాలతో నడుపుతోంది కదా అని ఎవరైనా అంటే తొందరపడి ఒప్పుకోకండి, అక్కడ చుట్టూ డబ్బున్నవాళ్ళున్నారు, అదే పద్ధతి అన్నిచోట్లా పెడితే పేదవాళ్ళ వీధుల్లో పార్కులు ఎండిపోతాయి. మొదటి వేసవిలో ఏ వారం ఏ మొక్కలకి ఎవరు నీళ్ళు పోస్తారో మాత్రం పేర్లతో సహా రాసుకోండి, "అందరం పోద్దాం" అన్నచోట మొక్క బతకదు.

ప్రశ్న: మా పార్కులో గడ్డి మీంచి అడ్డంగా నడిచి బాట చేసేశారు. కంచె వేద్దామా?
- మరో పాఠకుడు

జవాబు: వద్దండీ. బస్టాపుకో బడికో అదే దగ్గర దారై ఉంటుంది, ఒక వారం చూడండి. అదే నిజమైతే ఆ బాట మీదే చక్రాల కుర్చీ కూడా వెళ్ళేలా చదునుగా రాళ్ళు పరిపించండి, ఎవరూ నడవని పాత దారిలో గడ్డి వేసెయ్యండి.