పసిబిడ్డను పోగొట్టుకున్నవాళ్లు బైబిల్లో ఎక్కడ చదవాలి?

కాన్పయిన కొద్ది రోజులకే బిడ్డ పోయింది, బైబిల్ తెరిచినా మనసు నిలవట్లేదు, ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు.

ముందు కీర్తనలు 34:18 చదవండి: “విరిగిన హృదయముగలవారికి యెహోవా ఆసన్నుడు.” ఏడవొద్దని అందులో లేదు. చనిపోయిన తన స్నేహితుడు లాజరును కాసేపట్లో బతికించబోతున్నానని తెలిసి కూడా యేసు కన్నీళ్లు పెట్టుకున్నాడు (యోహాను 11:35).

చాలామంది చూపించేది 2 సమూయేలు 12వ అధ్యాయం. అందులో దావీదు రాజు బిడ్డ జబ్బుపడి ఏడో రోజున చనిపోయాడు. వాడు నా దగ్గరికి తిరిగి రాడు, నేనే వాడి దగ్గరికి వెళ్తాను అంటాడు దావీదు. బిడ్డను మళ్లీ చూస్తామన్న ఆశకు విశ్వాసులు ఈ మాటనే పట్టుకుంటారు. సమాధికి చేరతాననే దాని అర్థమని అనేవాళ్లూ ఉన్నారు. ఇందులో ఒక చిక్కుంది. అక్కడ బిడ్డ చావుకు దావీదు పాపమే కారణం. దాన్ని మీకు అంటగట్టేవాళ్లు ఉంటారు, అదీ పరామర్శకు వచ్చినవాళ్లలోనే! వాళ్లకు యోహాను 9:3 చూపించండి. పుట్టుగుడ్డివాడి విషయంలో వాడిదీ తప్పు కాదు, వాడి తల్లిదండ్రులదీ కాదు అన్నాడు యేసు.

ప్రార్థన నోటికి రాని రోజు 88వ కీర్తన చదవండి. అది చీకటి మాటతోనే ఆగిపోతుంది. నాకైతే ఆ రోజుల్లో అదే దగ్గరగా అనిపించింది.