రైల్స్ మైగ్రేషన్‌లో కాలమ్ టైపును ఎలా ఎంచుకోవాలి?

రూబీ ఆన్ రైల్స్ అనే వెబ్ ఫ్రేమ్‌వర్క్‌లో కొత్త అప్లికేషన్ మొదలుపెడుతున్నానని, మైగ్రేషన్‌లో (డేటాబేస్ టేబుళ్లను తయారుచేసే, మార్చే ఫైలులో) స్ట్రింగ్, టెక్స్ట్, ఇంటిజర్, ఫ్లోట్, డెసిమల్, డేట్‌టైమ్ వంటి టైపులలో దేనిని ఎక్కడ వాడాలో తేలడం లేదని, అన్నింటికీ స్ట్రింగ్ పెడితే నష్టమేమిటని మీరు అడిగారు. మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్ అనే రెండు డేటాబేస్‌ల మీదా నడిచే రైల్స్ అప్లికేషన్లను చాలాకాలంగా నిర్వహిస్తున్న అనుభవంతో సమాధానం రాస్తున్నాను.

ముందుగా గమనించవలసినది ఏమిటంటే, మైగ్రేషన్‌లో మనం రాసే టైపు పేరు రైల్స్ పెట్టుకున్న పేరు మాత్రమే. డేటాబేస్‌లో నిజంగా ఏర్పడే టైపును అడాప్టర్, అంటే రైల్స్‌ను ఆ డేటాబేస్‌తో కలిపే భాగం, నిర్ణయిస్తుంది. స్ట్రింగ్ అని రాస్తే మైఎస్‌క్యూఎల్‌లో 255 అక్షరాల పరిమితి గల వార్‌క్యార్ (అక్షరాలను దాచే డేటాబేస్ టైపు) వస్తుంది. పోస్ట్‌గ్రెస్‌లో రైల్స్ 4.2 నుంచి ఏ పరిమితీ లేని వార్‌క్యార్ వస్తుంది. అందుకే మైగ్రేషన్ నడిపిన తరువాత టేబుళ్ల నిర్మాణాన్ని రైల్స్ రాసి ఉంచే స్కీమా ఫైలుతో సరిపెట్టుకోకుండా, డేటాబేస్ కన్సోల్ తెరిచి టేబుల్ నిర్మాణాన్ని ఒకసారి స్వయంగా చూడడం నాకు అలవాటు.

స్ట్రింగ్, టెక్స్ట్‌ల మధ్య వేగంలో తేడా ఉంటుందని చాలామంది అనుకుంటారు. పోస్ట్‌గ్రెస్‌లో అలాంటి తేడా ఏమీ లేదు. అయినా ఒక్క వరుసలో నింపే విలువకు స్ట్రింగ్, పేరాలుగా రాసేదానికి టెక్స్ట్ వాడతాను. ఫారాలను, పేజీలను రాసిపెట్టే రైల్స్ స్కాఫోల్డ్ జనరేటర్ కూడా టెక్స్ట్ కాలమ్‌కు పెద్ద పెట్టెను, స్ట్రింగ్‌కు చిన్న పెట్టెను తయారుచేస్తుంది కనుక చదివేవారికి ఉద్దేశం తెలిసిపోతుంది. మైఎస్‌క్యూఎల్‌లో మాత్రం లెక్క వేరు. అక్కడ టెక్స్ట్ కాలమ్ పరిమితి 65,535 బైట్లు, అంటే బైట్లే గాని అక్షరాలు కావు. అక్షరాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు సంకేతం ఒక్కొక్కటి 3 బైట్లు తీసుకుంటుంది; గుణింతపు గుర్తులు, పొల్లు కూడా విడివిడిగా లెక్కకు వస్తాయి కాబట్టి ‘స్త్రీ’ అనే ఒక్క అక్షరమే 6 సంకేతాలు, 18 బైట్లు అవుతుంది. ఇంగ్లిష్ వ్యాసాలకు ధారాళంగా సరిపోయిన కాలమ్ తెలుగు వ్యాసాలకు ముందే నిండిపోవడానికి కారణం ఇదే. స్ట్రిక్ట్ మోడ్ (పట్టని విలువను డేటాబేస్ తిరస్కరించే అమరిక) ఉంటే సేవ్ చేసేటప్పుడు ఎర్రర్ వస్తుంది; లేకపోతే వ్యాసం చివర తెగిపోయి, ఫిర్యాదు వచ్చేదాకా ఎవరికీ తెలియదు. పెద్ద రచనలు వచ్చే చోట సైజును మీడియంగా ఇచ్చి మీడియంటెక్స్ట్ తెచ్చుకోవడం మంచిది.

డబ్బు విషయంలో మాత్రం రాజీ పడకండి. ఫ్లోట్ అనేది విలువను బైనరీ భిన్నంగా దాస్తుంది, 0.1కి, 0.2కి అందులో కచ్చితమైన రూపం లేదు, వాటిని కలిపితే 0.30000000000000004 వస్తుంది. నేను తరువాత నిర్వహణకు తీసుకున్న ఒక బిల్లింగ్ అప్లికేషన్‌లో మొత్తాలన్నీ ఫ్లోట్‌లో ఉండేవి. బిల్లులో వరుసల మొత్తం ఒకటి, నివేదికలో కనిపించే మొత్తం మరొకటి. ‘చెల్లించినది బిల్లుకు సమానమా’ అని పోల్చే కోడ్ అప్పుడప్పుడు, అదీ కొన్ని బిల్లులకే, తప్పు చెప్పేది. కాలమ్‌ను డెసిమల్‌గా మార్చడం తేలికే. అప్పటికే చేరిపోయిన విలువలలో దేనిని ఎటు సవరించాలో లెక్కల విభాగంతో కూర్చుని తేల్చుకోవడమే అసలు పని. డెసిమల్ రాసేటప్పుడు ప్రెసిషన్ (మొత్తం అంకెలు), స్కేల్ (బిందువు తరువాతి అంకెలు) రెండూ తప్పక ఇవ్వండి. మైఎస్‌క్యూఎల్‌లో అవి ఇవ్వకపోతే దశాంశ స్థానాలే లేని పది అంకెల కాలమ్ వస్తుంది, బిందువు తరువాతి భాగం పోతుంది. ప్రెసిషన్ 10, స్కేల్ 2 అంటే బిందువుకు ముందు ఎనిమిది అంకెలకే చోటు. విడి ధరకు చాలు, వార్షిక మొత్తానికి చాలకపోవచ్చు. కొందరు పైసల వంటి చిన్న నాణెపు లెక్కలో పూర్ణాంకాలుగా దాచడాన్ని ఇష్టపడతారు, అందులో తప్పేమీ లేదు. పన్ను రేట్ల వంటివి నాలుగైదు దశాంశాలు కోరతాయి కాబట్టి నేను డెసిమల్ వైపే ఉంటాను. (రైల్స్ డెసిమల్ విలువను జేసన్‌లోకి (ప్రోగ్రామ్‌ల మధ్య సమాచారం పంపే ఆకృతిలోకి) పంపేటప్పుడు స్ట్రింగ్‌గా పంపుతుంది, బ్రౌజర్ వైపు కోడ్ రాసేవారికి ఈ సంగతి ముందే చెప్పి ఉంచండి.) ఉష్ణోగ్రత, సెన్సర్ కొలత వంటి వాటికి ఫ్లోట్ నిక్షేపంగా వాడవచ్చు.

ఫోన్ నంబర్, పోస్టల్ కోడ్, ఖాతా సంఖ్య చూడడానికి అంకెలే అయినా వాటిని మనం కూడము, సగటు తీయము. వాటిని స్ట్రింగ్‌గానే ఉంచాలి. ఇంటిజర్‌లో పెడితే ముందున్న సున్నా పోతుంది, పైగా 2,147,483,647 దాటిన విలువ నాలుగు బైట్ల ఇంటిజర్‌లో పట్టదు. ప్రైమరీ కీ (ప్రతి వరుసను గుర్తించే ఐడీ) విషయంలో ఇదే పరిమితి అడ్డం వస్తుందని రైల్స్ 5.1 నుంచి ఎనిమిది బైట్ల బిగ్‌ఇంట్‌ను డిఫాల్ట్ చేశారు. పాత అప్లికేషన్‌కు కొత్త టేబుల్ చేర్చేటప్పుడు మాత్రం జాగ్రత్త: పాత టేబుల్ ఐడీ ఇంటిజర్, దానిని సూచించే కొత్త రిఫరెన్స్ కాలమ్ బిగ్‌ఇంట్ అయితే మైఎస్‌క్యూఎల్ ఫారిన్ కీని (రెండు టేబుళ్లను కలిపే నియమాన్ని) అంగీకరించదు, రిఫరెన్స్ టైపును విడిగా రాయాలి.

తేదీకి, సమయానికి తేడా పాటించండి. పుట్టిన తేదీని డేట్‌టైమ్‌లో పెడితే రైల్స్ దానిని యూటీసీలోకి (ప్రపంచ ప్రామాణిక సమయంలోకి) మార్చి దాస్తుంది. టైమ్ జోన్‌ను పట్టించుకోని మరో ప్రోగ్రామ్ దానిని చదివినప్పుడు తేదీ ఒక రోజు వెనక్కి జరగవచ్చు. దానికి డేట్ చాలు. జరిగిపోయిన ఘటనకు యూటీసీ సరిపోతుంది గాని, రాబోయే సమావేశానికి స్థానిక సమయంతో పాటు టైమ్ జోన్ పేరును మరో కాలమ్‌లో దాచడం మేలు, ఎందుకంటే ఈలోగా ఆ దేశం తన గడియారపు నియమాలను మార్చుకోవచ్చు.

బూలియన్‌కు (అవును-కాదు విలువకు) నల్, అంటే విలువ లేని స్థితి, నిషేధించి డిఫాల్ట్ ఇవ్వండి, అంతే. స్థితులను ఈనమ్‌తో (స్థితి పేర్లను అంకెలుగా దాచే రైల్స్ సౌకర్యంతో) రాసేటప్పుడు, స్థానాన్ని బట్టి అంకె వచ్చే అర్రే కాకుండా ప్రతి పేరుకూ అంకెను మనమే రాసే హ్యాష్ వాడండి; అర్రే మధ్యలో ఎవరైనా కొత్త స్థితి చేరిస్తే పాత రికార్డుల అర్థమే మారిపోతుంది. జేసన్‌ను దాచే పోస్ట్‌గ్రెస్ జేసన్‌బీ కాలమ్‌ను బయటి సేవలు పంపే, మన చేతిలో లేని ఆకృతి గల సమాచారానికి మాత్రమే కేటాయిస్తాను. దానిలోని ఒక విలువతో తరచుగా వెతుకుతున్నామంటే ఆ విలువకు సొంత కాలమ్ కావాలని అర్థం.

ఇక అన్నింటికీ స్ట్రింగ్ పెట్టడం గురించి. అప్పుడు వరుసక్రమంలో 10 అనేది 9 కంటే ముందు వస్తుంది, కూడికకు ప్రతిసారీ మార్పిడి చేయాలి, డేటాబేస్ తప్పు విలువను ఆపలేదు. తరువాత మార్చుకుందాంలే అనుకుంటే, పోస్ట్‌గ్రెస్ స్ట్రింగ్‌ను దానంతట అదే ఇంటిజర్‌గా మార్చదు. మైగ్రేషన్‌లో యూజింగ్ ఇచ్చి మార్పిడి ఎలా జరగాలో చెప్పాలి, టేబుల్ మొత్తం తిరిగి రాయబడుతున్నంతసేపు దాని మీద లాక్ ఉంటుంది, ఖాళీ స్ట్రింగ్ ఉన్న ఒక్క వరుస తగిలినా మైగ్రేషన్ అంతా వెనక్కి పోతుంది. ఇప్పటికే అలాంటి కాలమ్‌లు ఉంటే, అంకెలు కాని విలువలున్న వరుసలను ముందుగా ఒక క్వెరీతో బయటికి తీసి సరిచేసి, ఆ తరువాతే మైగ్రేషన్ నడపండి.