తుంటి ఆపరేషన్ డబ్బు షేర్ల ఫండ్లలో ఉండవచ్చా?

ప్రశ్న: మా నాన్నగారికి 68 ఏళ్లు. కుడి తుంటి కీలు అరిగిందన్నారు. మార్పిడి ఆపరేషన్ ఇప్పుడే అక్కర్లేదు, రెండు మూడేళ్లలో అవసరం రావచ్చన్నారు. ఖర్చు నాలుగు లక్షల దాకా అవుతుందట. ఈక్విటీ మ్యూచువల్ ఫండ్లలో నాకు ఐదు లక్షలున్నాయి. ఎక్స్‌రే సంగతి రాయకుండా ఆరోగ్య బీమా తీసుకోమని ఏజెంటు అంటున్నాడు. ఏం చేయమంటారు? - ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: ముందు ఆ ఏజెంటు మాట పక్కన పెట్టండి. ఆసుపత్రిలో చేర్చుకునేటప్పుడు ‘నొప్పి ఎన్నాళ్లుగా?’ అని అడిగి కేస్‌షీటులో రాసుకుంటారు. మీ నాన్నగారు ఉన్నమాటే చెబుతారు. ఆ ఒక్క ముక్కతో క్లెయిము పోతుంది, పాలసీ కూడా రద్దు కావచ్చు. నిజం రాసి తీసుకున్నా, ముందునుంచే ఉన్న జబ్బుకు 36 నెలల దాకా ఆగాల్సి రావచ్చు. మిగతా జబ్బులకు పనికొస్తుంది కాబట్టి పాలసీ తీసుకోండి. ఈ తుంటికి మాత్రం దాన్ని లెక్కలో వేసుకోకండి.

‘రెండు మూడేళ్లు’ అన్నది ముహూర్తం కాదు. కీలులో ఎముకల మధ్య మెత్తలా ఉండే మృదులాస్థి అరగడం ఒకే వేగంతో సాగదు. కొందరు ఏళ్ల తరబడి నెట్టుకొస్తారు, కొందరికి నెలల్లోనే ముదురుతుంది. ఎక్స్‌రే ఘోరంగా ఉన్నా హాయిగా నడిచేవారూ ఉన్నారు. అందుకే మనిషిని గమనించండి. గజ్జల్లో నొప్పి రాత్రి నిద్ర లేపుతోందా? కాలిగోళ్లు తీసుకోవడానికి వంగగలుగుతున్నారా? నిన్నమొన్నటి దాకా నడిచి వెళ్లిన పాల బూత్‌కు ఇప్పుడు మిమ్మల్ని పంపుతున్నారా?

ఎప్పుడు కావాలో తెలియని డబ్బు షేర్లలో ఉండకూడదు. నాలుగు లక్షలు ఇప్పుడే తీయండి. ఏడాది దాటిన యూనిట్లపై లాభం ఒక ఆర్థిక సంవత్సరంలో 1.25 లక్షలు మించితేనే పన్ను, అదీ మించినదానిపై 12.5 శాతం. లాభం అంతకంటే ఎక్కువుంటే మార్చిలో సగం, ఏప్రిల్‌లో సగం అమ్మండి, మినహాయింపు రెండుసార్లు దక్కుతుంది. వచ్చిన సొమ్మును లక్ష చొప్పున నాలుగు ఎఫ్‌డీలు చేయండి. ఫిజియోథెరపీ, వాకర్, ఎత్తైన కమోడ్ సీటు ఆసుపత్రి అంచనాలో కనబడవు. వాటికి మరో 50 వేలు సేవింగ్స్ ఖాతాలో ఉంచండి.

70 నిండితే కేంద్ర ప్రభుత్వ ఉచిత వైద్య పథకం కింద ఆయుష్మాన్ వయ వందన కార్డు వస్తుంది. ఆదాయంతో నిమిత్తం లేకుండా ఏడాదికి 5 లక్షల దాకా చికిత్స. మీ ఆసుపత్రిలో ఆ కార్డుపై తుంటి మార్పిడి చేస్తారో లేదో ముందే అడిగి ఉంచుకోండి. అయితే కార్డు కోసమని నొప్పిని భరించమనకండి. నడక తగ్గితే తొడ కండరం చిక్కిపోతుంది, తర్వాత కోలుకోవడం కష్టమవుతుంది. డాక్టరు ముందుగానే చేయాలంటే ఎఫ్‌డీలు రద్దు చేసేయండి, పోయేది కాస్త వడ్డీయే.